రిజిస్టరులో ఎర్ర చుక్కలు

కాదమ్మలూ, అలా రాయకు. ‘రిజిస్టరు పోయింది’ అని రాస్తే ఎవరో ఎత్తుకుపోయారనుకుంటారు. పోలేదు. నేనే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అలా రాయి. గబగబా రాయకు, నేనూ గబగబా చెప్పలేను. నా నోట్లోంచి మాట బయటికొచ్చేలోపు పాలు పొంగిపోతాయని మీ నాయనమ్మ ఎలాగూ అంటూనే ఉంటుంది.

ముందు నా ఉద్యోగం సంగతి రాయి, లేకపోతే వినేవాళ్లకి బోధపడదు. యూనివర్సిటీ హెల్త్ సెంటరులో నేను పంతొమ్మిదేళ్లు అటెండరుగా చేశాను. గుమ్మంలోకి రాగానే ఎడమ పక్క బల్ల, బల్ల వెనక నేను. ఎదురుగా పొడుగాటి బెంచీ. బెంచీ పక్కనుంచి వసారా లోపలికి పోతుంది, వరసగా నాలుగు గదులు. మొదటిది డాక్టరుగారిది. రెండోదాంట్లో కట్లు కడతారు. మూడోది పళ్ల గది. నాలుగోది చివరి గది. దానికి పేరు లేక కాదు, తలుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. కానీ ఆ పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు. అందరూ చివరి గది అనే అనేవాళ్లు. హెచ్ఐవీ పరీక్ష చేసేది, దాని గురించి వివరంగా చెప్పేది, కావలసిన మందు ఇచ్చేది అక్కడే. అక్కడ సిస్టరమ్మ ఉండేది.

బల్ల మీద రిజిస్టరు ఉండేది. దారం కట్టిన పెన్ను కూడా. వచ్చినవాళ్లు తమ పేరు, క్లాసు రాయాలి. చివరి గడి మటుకు నాది. దేనికొచ్చారన్నది ఆ గడిలో నేను రాయాలి. నాకేమో చదువు మూడో తరగతి. అంకెలు బాగా వచ్చు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, రాయాలంటే చెయ్యి పడదు. అందుకని గుర్తులు పెట్టుకున్నాను. జ్వరానికి ఒక గీత. దెబ్బలకి కూడిక గుర్తు. పంటికి పన్ను బొమ్మ, అది బాగా కుదిరేది. కంటికి కన్ను. చివరి గదికి వెళ్లేవాళ్లకి రక్తం తీస్తారు కదా అని ఎర్ర పెన్నుతో ఒక చుక్క.

నవ్వకు. ఆ గుర్తులంటే నాకు ఎంత గర్వమనుకున్నావు! నెలాఖరుకి డాక్టరుగారు పళ్లెన్ని, గీతలెన్ని, చుక్కలెన్ని అని లెక్కపెట్టుకుని, “తాతా, నీ రిజిస్టరు బొమ్మల పుస్తకమయ్యా, చూస్తుంటే హాయిగా ఉంటుంది” అనేవాడు. ఆ మాట మీ నాయనమ్మకి ఎన్నిసార్లు చెప్పానో ఆవిడనే అడుగు.

ఇప్పుడు క్లాసుల సంగతి రాయి. చదువులు మొదలైన కొత్తలో ఆడిటోరియంలో పిల్లలకి హెచ్ఐవీ గురించి క్లాసు పెట్టేవాళ్లు. కుర్చీలు వేసేది నేను, తెర కట్టేది నేను, మంచినీళ్లు పెట్టేది నేను. పని అయ్యాక వెనక గోడకి చేరబడి వినేవాణ్ని. ఒకసారి కాదు, పదకొండేళ్లు విన్నాను. ఎలా వస్తుందో, ఎలా రాదో, కండోము ఎలా వాడాలో, పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో అంతా నాకు నోటికొచ్చు. అనుకోనిది జరిగితే డెబ్బై రెండు గంటల్లోపు మందు మొదలుపెట్టాలని, ఇరవై ఎనిమిది రోజులు ఒక్కరోజు కూడా మానకుండా మింగాలని కూడా వచ్చు. పరీక్ష రాసేవాళ్లు పడుకునేవాళ్లు, చదువురాని నేను నేర్చుకున్నాను.

క్లాసులన్నిటికీ కలిపి ఆరేడొందల మంది వచ్చేవాళ్లు. నెల తిరిగేసరికి చివరి గదికి ముగ్గురో నలుగురో. సిస్టరమ్మ తల పట్టుకునేది. “అంత మంది విన్నారు తాతగారూ, ఒక్కరికీ అనుమానం లేదా, ఒక్కరికీ భయం లేదా?” అనేది. కుర్రాళ్లకి నిర్లక్ష్యం ఎక్కువన్నాడు డాక్టరుగారు. సిగ్గేమోనని సిస్టరమ్మ. నేనూ ఒక మాట అన్నాను, “మన పిల్లలు బుద్ధిమంతులండీ, అవసరం లేక రావడం లేదు” అని. అంత ధీమాగా అన్నాను.

నాలుగేళ్ల కిందట ఆ క్లాసు పిల్లల చేతికే ఇచ్చారు. పిల్లల మాట పిల్లలు వింటారని. వాళ్లలో ఒకడు ముందుండి నడిపించేవాడు. అతని పేరు చెప్పను. హాస్టలువాళ్లు పెట్టిన ముద్దుపేరు కూడా చెప్పను. నేనొకటి పెడుతున్నాను, మైకు అని. ఎందుకంటే స్టేజీ ఎక్కగానే మైకు మీద వేలితో కొట్టి, “టెస్టింగ్, టెస్టింగ్... ఇది మైక్కి మాత్రమే కాదు, మీక్కూడా” అనేవాడు. హాలు ఘొల్లుమనేది. ఆ నవ్వులోనే అసలు సంగతి చెప్పేసేవాడు. చెప్పడమంటే అలా చెప్పాలి.

ఏంటీ, నువ్వూ అక్కడే చదువుతున్నావు కదా, మీ సీనియరా అంటావా? రాయి, అడక్కు.

ఆరోజు సోమవారం. పొద్దున తొమ్మిదిన్నరకి మైకు వచ్చాడు. “తాతా, పాంప్లెట్లు ఇవ్వు.” బీరువాలోంచి ఒక కట్ట తీసిచ్చాను. పట్టుకెళ్లాడు. అరగంటకి మళ్లీ వచ్చాడు.

“తాతా, ఇంకో కట్ట.”

“అప్పుడే పంచేశావా?”

“ఆ... అయిపోయాయి.”

ఇచ్చాను. కిటికీలోంచి చూద్దును కదా, సైకిల్ స్టాండు అరుగు మీద మొదటి కట్ట అలాగే ఉంది, కట్టిన దారం కట్టినట్టే. రెండోది దాని మీద పెట్టి కూర్చున్నాడు. కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

పదకొండుకి మూడోసారి వచ్చాడు. ఈసారి పాంప్లెట్లు అడగలేదు. బెంచీ చివర కూర్చున్నాడు. ఎప్పుడూ నా నడక, నా మాట అనుకరించి నవ్వించేవాడు. ఆవేళ ఒక్క వేళాకోళం లేదు.

“తాతా, ఒక ఫ్రెండు ఉన్నాడు.”

“ఉండనీ.”

“వాడికి ఒక... శనివారం మధ్యాహ్నం. రెండున్నర అయ్యుంటుంది. అంటే మంగళవారం రెండున్నర దాకా టైముంది కదా?”

“నన్నడుగుతావేంటయ్యా! స్టేజీ మీద చెప్పేది నువ్వే కదా, డెబ్బై రెండు గంటలని.”

“అవును,” అన్నాడు. “నేనే చెబుతాను.”

అతను ఆ మాట అన్న తీరులోనే ఫ్రెండు ఎవరో అర్థమైపోయింది. ఎవరితో, ఎలా, ఏమిటి అని నేను అడగలేదు. ఇప్పటికీ తెలీదు. నువ్వూ ఊహించి రాయకు.

“ఆ ఫ్రెండుని సిస్టరమ్మ దగ్గరికి పంపు. లోపలే ఉంది, ఖాళీగానే ఉంది,” అన్నాను.

“ఇందులో రాయాలా?” అని రిజిస్టరు వైపు చూశాడు.

“రాయాలి కదా, అందరూ రాస్తారు.”

లేచి బల్ల దగ్గరికొచ్చాడు. పెన్ను తీశాడు. దాని దారం వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. అతని చూపు పైనున్న పేర్ల మీద పడింది. ఆ పేజీలో ఒక ఎర్ర చుక్క ఉంది, అంతకుముందు గురువారంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి నలుగురు కుర్రాళ్లు దూసుకొచ్చారు. ఒకడికి కాలు మడతపడింది, మిగతా ముగ్గురూ వాణ్ని మోసుకొస్తున్నారు. మోయడం కన్నా నవ్వడం ఎక్కువ. మైకుని చూసి, “ఏరా, నువ్వేంటి ఇక్కడ? పాంప్లెట్లకా?” అన్నారు. బల్ల మీదికి వంగారు.

“ఒరేయ్, చుక్క! చుక్క పడిందిరోయ్!”

“ఏదీ, ఎవరు? పేరు చదువు, పేరు చదువు.”

“తెలుగు ఎమ్మే... అమ్మో, వీడా!”

మైకు పెన్ను కింద పెట్టేశాడు. వాళ్లతోపాటు తనూ నవ్వాడు. “తాతా, పాంప్లెట్లు రేపు తీసుకుంటాలే,” అని గుమ్మం దిగి వెళ్లిపోయాడు. పేరు గడిలో ఒక్క అక్షరం ఉంది. మొదలుపెట్టి ఆపేసిన అక్షరం.

కాలు మడతపడినవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. “చుక్క అంటే ఏంటయ్యా?”

“అయ్యో తాతా, పెట్టేది నువ్వే, నన్నడుగుతావేంటి!” అని నవ్వాడు. “క్యాంపస్ అంతా తెలుసు. జ్వరమొచ్చినట్టు వచ్చి రిజిస్టరు చూసిపోయేవాళ్లున్నారు, చుక్క ఎవరికి పడిందా అని. పోయినేడు మా బ్లాకులో ఒకణ్ని ‘చుక్కా, చుక్కా’ అని ఏడిపిస్తే వాడు హాస్టలే ఖాళీ చేసి వెళ్లిపోయాడు.”

“వాడికి జబ్బుందా?”

“ఎవడికి తెలుసు తాతా? ఊరికే టెస్టుకొచ్చాడంట.”

అమ్మలూ, కాసేపు ఆగు. మంచినీళ్లియ్యి.

సరే, రాయి. నేను లేచి చివరి గదికి వెళ్లాను. సిస్టరమ్మ మందుల పెట్టెల మీద తేదీలు చూస్తోంది.

“సిస్టరమ్మా, ఒకరు వచ్చి వెనక్కి వెళ్లిపోయారు.”

“ఎవరో చెప్పకండి,” అంది వెంటనే. “ఎప్పటి సంగతి?”

“శనివారం మధ్యాహ్నం, రెండున్నర ప్రాంతం.”

ఆవిడ గోడ గడియారం చూసింది. పెదాలు కదిలాయి, లెక్కపెట్టుకుంటోంది. “రేపటి దాకా ఉంది కదా అని కూర్చునేది కాదు తాతగారూ. ఎంత తొందరగా మింగితే అంత మంచిది. ఆ గడువు దాటాక నేను చేయగలిగేది ఏమీ ఉండదు. ఇప్పుడే రావాలి.”

“మీరెళ్లి పిలుచుకురాకూడదా?”

“నేను ఈ తెల్లకోటుతో హాస్టలు మెట్లెక్కి ఒకరిని పిలిస్తే ఏమవుతుంది?”

ఏమవుతుందో నాకు ఒక్క నిమిషం కిందటే తెలిసింది. రిజిస్టరు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడకి వేరే పుస్తకం ఉంది, అది గదిలోనే తాళంలో ఉంటుంది. నా రిజిస్టరు లోపల ఎప్పుడూ చూడలేదు. పేజీలు తిప్పింది. తిప్పేకొద్దీ మొహం పాలిపోయింది.

“ఈ చుక్కలు మీరు పెట్టినవేనా?”

“నేనేనమ్మా. లెక్క కోసం.”

“లెక్క కావాలండీ, ఎంతమంది వచ్చారో అంకె కావాలి. పేర్లు ఎవరడిగారు?”

“నా ముందున్నాయన రాయించేవాడు.”

“ఆయన్ని ఎవరడిగారు?”

అన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆయన కుర్చీ నాకిచ్చాడు, పెన్ను ఇచ్చాడు, రిజిస్టరు ఇచ్చాడు. నేను రాయించాను. పైగా ఎర్ర పెన్ను నా జేబులోంచి తెచ్చుకున్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “తిట్లకి తర్వాత టైముంటుంది, ముందు ఆ మనిషి రావాలి. ఇక నుంచి పేరు వద్దు, ఒక నంబరు చాలు,” అంది. అప్పుడే రిజిస్టరు బీరువాలో పెట్టాను.

కానీ ఆ సంగతి మైకుకి ఎలా తెలియాలి? నేను హాస్టలుకి వెళితే? హెల్త్ సెంటరు తాత పలానా అబ్బాయి కోసం వచ్చాడంటే, చుక్క నేనే నుదుట పెట్టినట్టు. చీటీ రాసి పంపుదామంటే రాయడం రాదు. వేరేవాళ్ల చేత రాయిస్తే వాళ్లకి తెలిసిపోతుంది. చేతులు కట్టేసినట్టయింది. అప్పుడు బీరువాలో పాంప్లెట్లు కనబడ్డాయి. వెనక పక్క అడుగున ఫోన్ నంబరు ఉంది, అనుమానాలుంటే చేయమని. ఆ నంబరు అతనిదే. అంకెలు నాకొచ్చు కదా. ఒక్కొక్కటే చూసుకుని నొక్కాను.

“హలో, చెప్పండి, ఏ డౌటైనా సరే!” అన్నాడు. గొంతు ఎప్పట్లాగే ఉంది. వెనక నలుగురు మాట్లాడుకుంటున్న చప్పుడు.

“నేను తాతని. పాంప్లెట్లు... కొత్తవి వచ్చాయి. రిజిస్టరులో రాయక్కర్లేదు. వచ్చి తీసుకెళ్లు.”

“క్లాసుంది తాతా. రేపు చూద్దాం.” పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్.

సాయంత్రం ఐదు దాకా గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాను. సిస్టరమ్మ ఆరు దాకా ఉంది. రాలేదు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను. మీ నాయనమ్మ, “ఉప్పెక్కువైందా?” అంది. లేదన్నాను. “తక్కువైందా?” లేదన్నాను. మెడ మీద చెయ్యి వేసి చూసింది. “ఎవరితోనైనా గొడవా? ఉద్యోగంలోంచి తీసేశారా? చెప్పి చావరాదూ!” ఏం చెప్పను? ఆ గది సంగతులు గుమ్మం దాటకూడదు. నేను అన్నేళ్లు బల్ల మీద పరిచి పెట్టినవి ఆవేళ నోట్లో దాచుకోవలసి వచ్చింది. ముద్ద దిగలేదు.

ఏమంటోంది వంటింట్లోంచి? రెండోసారి వండిందా? సరే, అది కూడా రాయి. రెండోసారి వండింది. అదీ ముట్టలేదు.

మంగళవారం ఏడున్నరకే వెళ్లాను. చివరి గదికి వెనక తలుపు ఒకటుంది. సైకిల్ స్టాండు వైపు తెరుచుకుంటుంది. దానికి అడ్డంగా విరిగిన ఇనుప మంచాలు, ఒక పాత స్ట్రెచరు, కాళ్లు లేని బల్ల. ఎప్పటివో. ఊడ్చే అక్క, నేను కలిసి లాగాం.

“ఈ దుమ్ముకి నాకన్నా సర్వీసు ఎక్కువుంది తాతా, ముందు దీనికి పెన్షనివ్వండి,” అంది అక్క ముక్కుకి కొంగు కట్టుకుని. “అయినా ఉన్నట్టుండి ఈ తలుపెందుకు?”

“గాలి ఆడాలి.”

“ఇన్నాళ్లూ ఆడలేదా?”

“ఆడలేదు,” అన్నాను.

గొళ్లెం తుప్పు పట్టింది, రాయితో కొడితే వచ్చింది. తలుపు తీస్తే కీచుమని అంత గట్టిగా అరిచింది, సైకిల్ స్టాండులో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. సైకిలు పెట్టుకోవడానికి వచ్చినట్టు ఎవరైనా రావచ్చు, అటు తిరిగి లోపలికి వెళ్లిపోవచ్చు. సిస్టరమ్మ వచ్చి చూసి, తలుపు మీద ఏమీ రాయించొద్దంది. తలుపైతే తయారైంది. రావలసినవాడికి తెలిసేదెలా? ఎనిమిదికి చేశాను, స్విచ్చాఫ్. తొమ్మిదికి, స్విచ్చాఫ్. పదింటికి తొందరలో అంకె తప్పు నొక్కితే ఎవరో ముసలావిడ ఎత్తి, నా గొంతు విని, “ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది.

పన్నెండింటికి ఆడిటోరియంలో కొత్త పిల్లలకి క్లాసు ఉంది. కుర్చీలు వేయాలి కాబట్టి వెళ్లాను. అప్పటిదాకా నాకు తట్టనేలేదు, ఆ క్లాసు చెప్పేది అతనే కదా అని. స్టేజీ మీద మైకు ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. చుట్టూ అతని జట్టు పిల్లలు ఐదుగురు. ఒంటరిగా దొరకడు. దొరికినా ఏమంటాను? రెండొందల మంది పిల్లలు వచ్చి కూర్చున్నారు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. గడియారం నా తల మీదే ఉంది, అది చూడాలంటే అతను నన్ను చూడాల్సిందే. రెండు నిమిషాలకోసారి చూస్తున్నాడు.

“టెస్టింగ్, టెస్టింగ్...” అన్నాడు. మిగతా ముక్క అనలేదు. నవ్వు రాలేదు. ఆ తర్వాత పాఠం చెప్పుకుంటూ పోయాడు, నేర్చుకున్నది ఒప్పజెప్పినట్టు. పన్నెండున్నర దాటింది.

“ఒకవేళ అనుకోకుండా ఏదైనా జరిగితే... కండోము చిరిగినా, వాడకపోయినా... వెంటనే హెల్త్ సెంటరుకి వెళ్లాలి. డెబ్బై...”

ఆగిపోయాడు. గ్లాసు తీసుకుని నీళ్లు తాగాడు. మళ్లీ, “డెబ్బై...” అన్నాడు. వెనక వరసలో ఎవడో ఈల వేసి, “మైకు పోయిందిరోయ్!” అని అరిచాడు. అందరూ నవ్వారు. నేను ఎప్పుడూ నలుగురిలో నోరెత్తినవాణ్ని కాదు. నా పెళ్లిలో కూడా నా తరఫున మా అన్నే మాట్లాడాడు. చెయ్యెత్తాను.

“నాదొక అనుమానం.”

రెండొందల తలలు తిరిగాయి. “తాతకి డౌటంట!” అని ఒకటే నవ్వులు. నాకు మాట నెమ్మది కదా, నవ్వులు ఆగేదాకా ఎలాగూ ఆగాను.

“చివరి గదికి... వెళ్లాలంటే... రిజిస్టరులో పేరు రాయాలా?”

మైకు నన్నే చూస్తున్నాడు. “రాయాలి కదా తాతా. రాయించేది నువ్వే.”

“ఇక రాయించను. నిన్నటి నుంచి ఆ రిజిస్టరు లేదు. అందులో ఎర్ర చుక్కలు పెట్టింది నేనే. పాత పిల్లలకి తెలుసు. లెక్క కోసమని పెట్టాను, దాంతో ఇంత జరుగుతోందని తెలీదు. నా చుక్క మూలంగా ఎవరైనా మాట పడుంటే, భయపడి రాకుండా ఉంటే, ఆ తప్పు నాది. క్షమించండి.”

నా నోరు నాదిలా లేదు, ఆపలేకపోయాను.

“సైకిల్ స్టాండు పక్క తలుపు తీశాం. అక్కడినుంచి లోపలికి వెళ్లొచ్చు. నేను అక్కడ ఉండను, ఎవరూ ఉండరు. లోపల సిస్టరమ్మ ఒక్కతే ఉంటుంది.”

మైకు స్టేజీ అంచుకి వచ్చాడు. “పేరు అడగరా?” అన్నాడు.

“అడగరు.”

“ఐడీ కార్డు?”

“అడగరు. ఒక నంబరు ఇస్తారు. అంతే.”

“మరి... ఫ్రెండు కోసం వచ్చామంటే?”

పిల్లలు మళ్లీ నవ్వారు. అదే ఎప్పటి మైకు జోకనుకున్నారు. నేను నవ్వలేదు.

“ఫ్రెండునే రమ్మను బాబూ. మాత్ర మింగాల్సింది అతనే కదా. ఇప్పుడు పన్నెండూ నలభై. భోజనాల గంట కూడా కాలేదు. బోలెడు టైముంది.”

అతను తల దించుకున్నాడు. తర్వాత ఎత్తి, “డెబ్బై రెండు గంటలు,” అన్నాడు. “అందరూ రాసుకోండి. డెబ్బై రెండు.” అక్కడితో క్లాసు ముగించేశాడు.

నేను తిన్నగా వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను, వసారా వైపు వీపు పెట్టి. ఉండనని మాటిచ్చాను కదా. చూడకూడదు. అయితే చెవులు మూసుకోలేను కదా! ఆ తలుపు కీచుమని అరుస్తుంది. ఒంటిగంటా ఐదుకి అరిచింది. వెంటనే మళ్లీ అరిచింది, వచ్చినవాళ్లు వెళ్లిపోయారా, ఇంకొకరు వచ్చారా తెలీదు. తర్వాత అరగంట ఏమీ లేదు. పంటి నొప్పి అమ్మాయి వచ్చి, “తాతా, ఎక్కడ రాయాలి?” అంటే, “రాయక్కర్లేదమ్మా, మూడో గది,” అని గోడ వంకే చూస్తూ చెప్పాను. ఆ పిల్ల నాకేదో అయిందనుకుంది. రెండుకి పది నిమిషాలుందనగా మళ్లీ అరిచింది. ఈసారి అరుపు మధ్యలో ఆగింది. ఎవరో తలుపు సగం తీసి నిలబడ్డారు. గుమ్మంలోనే ఉన్నారు. రా బాబూ, లోపలికి రా అని నాలో నేను అనుకుంటున్నాను. నా మెడ నరాలు లాగేస్తున్నాయి, తిరగమని. తిరగలేదు. ఎంతసేపు గడిచిందో. అప్పుడు మిగతా సగం అరిచి, తలుపు మూసుకుంది. లోపలికా, బయటికా? ఎలా తెలుస్తుంది నాకు?

ఆ తర్వాత తలుపు ఎన్నిసార్లు అరిచిందో లెక్క తప్పాను. రెండున్నర అయింది. మూడయింది. సిస్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ మొహంలోకి చూశాను.

“అమ్మా, ఎవరైనా...”

“తాతగారూ.” అంతే అంది.

“అడగనులెండి.”

“ఐదుగురు,” అంది. “ఈ ఒక్క మధ్యాహ్నం ఐదుగురు. మీకు అంకె చెప్పొచ్చు.” అని వెళ్లిపోయింది.

ఐదుగురు. నెలకి ముగ్గురు వచ్చే గది అమ్మలూ. సంతోషపడ్డాను. కానీ ఆ ఐదుగురిలో అతనున్నాడా అని గుండెలో ముల్లు అలాగే ఉంది. ఆ సాయంత్రమూ అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ తలుపు బందులకి నూనె పోశాను. నాకు వినబడకూడదని.

తర్వాత వారం మైకు పాంప్లెట్ల కోసం వచ్చాడు. కొంచెం చిక్కాడు. నేను ఇచ్చాను, అతను తీసుకున్నాడు, ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు అతని జేబులో ఫోను మోగింది. ఫోను కాదు, అలారం. రెండైంది. “వెళ్లాలి తాతా,” అని గబగబా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకోరోజు ఆడిటోరియంలో కుర్చీలు వేస్తుంటే సరిగ్గా రెండింటికి మళ్లీ అదే అలారం. నీళ్ల సీసా పట్టుకుని పక్కకి వెళ్లాడు. నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పుడే తోచింది, నేనేం చేస్తున్నానో. పుస్తకంలో మానేసి మనసులో పెడుతున్నాను చుక్క. అలారానికి ఒకటి, చిక్కినందుకు ఒకటి. అతను చదువుకోసం పెట్టుకున్నాడేమో! తలనొప్పి మాత్రేమో! నాకెందుకు? ఆ రోజు నుంచి రెండు కావస్తుంటే నేనే ఏదో పని కల్పించుకుని అవతలికి వెళ్లిపోయేవాణ్ని.

ఏంటీ? తర్వాత పరీక్షలో ఏమొచ్చిందా? నాకు తెలీదమ్మలూ. నిజంగా తెలీదు. చదువైపోయి వెళ్లిపోతూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “తాతా, ఏమీ అడగవా?” అన్నాడు. “అడగను,” అన్నాను. “అడిగితే చెబుతాను,” అన్నాడు. “అందుకే అడగను,” అన్నాను. నవ్వాడు. నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. అంతే.

అలా మొహం పెట్టకు. వినేవాళ్లకి కూడా నీలాగే తెలుసుకోవాలనిపిస్తుంది. అనిపించనీ.

ఇంక చాలు, నోరు నొప్పెడుతోంది. ఇప్పుడు నా బల్ల దగ్గర కొత్తగా చేరిందే ఆవిడ, పాత రిజిస్టరు ఏమైంది, కొత్తది తెప్పించనా అని నీతో అడిగించింది కదా. పాపం మంచిదే, పని శుభ్రంగా చేయాలనుకుంటోంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడకి కళ్లజోడు ఇంకా రాలేదన్నావు. రేపు యూనివర్సిటీకి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఇదంతా ఆవిడకి చదివి వినిపించు. బెంచీ మీద ఎవరూ లేకుండా చూసుకుని, మెల్లిగా చదువు.